వీణ పట్టే బండి

సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ విశాలి వెంట వీణ కూడా వెళ్ళేది. అమ్మేవాళ్ళకి అది వింతగా ఉండేది. వేరేవాళ్ళయితే బానెట్ ఎత్తి చూస్తారు, టైర్లు కాలితో తన్ని చూస్తారు. ఈవిడ మాత్రం ముందు డిక్కీ తెరవమనేది. తన చిన్న కారు ముందు సీట్లోంచి చంటిపిల్లని ఎత్తుకొచ్చినట్టు వీణని రెండు చేతులా ఎత్తుకొచ్చి, ఆ డిక్కీలో పడుకోబెట్టి చూసేది. చాలా బళ్ళలో పట్టేది కాదు. "కాస్త పొట్టి వీణ కొనుక్కోండి మేడమ్, సరిపోద్ది" అన్నాడు గాజువాకలో ఒక సేల్స్‌మన్. విశాలికి ఆ కారూ వద్దనిపించింది, ఆ మనిషీ వద్దనిపించాడు.

అది బొబ్బిలి వీణ. ఒకే పనస దుంగలోంచి తొలిచింది. గొల్లపల్లికి వారం వారం వెళ్ళి, పక్కన కూర్చుని మరీ చేయించుకుంది విశాలి. విజయనగరంలో ఆమెది సంగీతం ఇల్లు. తండ్రి వేంకటాచలం వయొలిన్ విద్వాంసుడు. ఇంట్లో పిల్లలకి మాటలకన్నా ముందు సరళీ స్వరాలు వచ్చేవి. అయితే ఆ ఇంట్లో విశాలికొక్కదానికే ఇంకో పిచ్చి కూడా పట్టుకుంది. తండ్రి కచేరీలకి రాయగడ, బరంపురం, రాజమండ్రి వెళ్ళేటప్పుడు టాక్సీ మాట్లాడేవారు. ఆ టాక్సీలో ముందు సీటు కోసం అన్నదమ్ములతో కొట్లాడి కూర్చునేది. కచేరీలో ఏ రాగం వాయించారో మరిచిపోయేది గానీ, ఏ మలుపులో డ్రైవరు ఏ గేరు వేశాడో చెప్పగలిగేది. పద్ధెనిమిది నిండగానే లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు నలభైకి దగ్గరపడింది. కచేరీలకి తన బండి తనే నడుపుకుని వెళుతుంది.

బండి అంటే అదే, తెల్లటి చిన్న కారు. ఊళ్ళో తిరగడానికి బంగారం లాంటిది. దూరం వెళ్ళాలంటేనే తంటా. ముందు సీటు వెనక్కి వాల్చి, దుప్పటి పరిచి, వీణని పడుకోబెట్టి బెల్టు పెట్టాలి. భర్త శ్రీనాథ్ వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాలి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే శ్రీనాథ్‌కి ఘాట్ రోడ్డు పేరెత్తితేనే కడుపులో తిప్పుతుంది. అందుకని తనతో రెండు పాలిథిన్ కవర్లు, ఒక నిమ్మకాయ తెచ్చుకుంటాడు. పెళ్ళాం కచేరీకి రాకుండా మాత్రం ఉండడు.

కిందటేడు బరంపురంలో జరిగిందది. హైవే మీద గాలికి కారు ఊగుతుంటే స్టీరింగ్ బిగించి పట్టుకుని నడిపింది. సభకి చేరి వీణ ముందు కూర్చునేసరికి చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. మొదటి గమకమే జారింది. సభలో ఎవరూ గమనించలేదు, చప్పట్లు కొట్టారు. విశాలికి మాత్రం ఆ చప్పట్లు ముళ్ళలా గుచ్చుకున్నాయి. తిరిగొస్తూ ఇచ్ఛాపురం దాటాక అంది. "నాకొక దూరపు బండి కావాలండీ."

"దూరపు బండి అంటే?"

"గ్రాండ్ టూరర్ అంటారు. పొద్దున్న బయల్దేరి ఎంత దూరం పోయినా, దిగేసరికి మనిషి అలిసిపోకూడదు. గట్టిగా, నెమ్మదిగా, రోడ్డుని అంటిపెట్టుకుని పోవాలి. దిగీదిగగానే వీణ ముందు కూర్చుంటే వేలు నిలబడాలి."

"అలాంటివి కోటీశ్వరులు కొనుక్కుంటారు కదూ?"

"కొత్తవయితే వాళ్ళే. పాతవి మనలాంటి పిచ్చివాళ్ళు కొనుక్కుంటారు."

శ్రీనాథ్ ఆలోచన వేరు. కంతుల మీద ఒక కొత్త చిన్న ఆటోమేటిక్ కొంటే అయిదేళ్ళు గొడవుండదంటాడు. విశాలి దగ్గరున్నది ఆ కొత్త బండి ధరలో సగం. అంతకు మించి అప్పు చెయ్యదు. ఆ సగంతోనే పెద్ద బండి కొనాలని ఆమె పట్టు. కాబట్టి వెతుకులాట మొదలైంది. ఫోనులో బళ్ళ పిచ్చోళ్ళ గ్రూపుల్లో చేరింది. పాత బండి ఎలా చూడాలో, పెయింటు కింద దెబ్బ ఎలా కనిపెట్టాలో, ఏ చప్పుడు దేనిదో చదివింది. సాధన చేసినట్టే చేసింది.

ఈ వెతుకులాటలో ఆమెకు తోడు రేఖ. డిగ్రీలో ఇద్దరిదీ ఒకటే బెంచీ. రేఖది నరసన్నపేట దగ్గర వ్యవసాయం కుటుంబం. ఇప్పుడు భర్త త్రినాథ్‌తో కలిసి వరికోత మిషన్లు అద్దెకి తిప్పుతోంది. మాట కటువు, మనసు వెన్న. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఒసే విశాలీ, మా హైవే పక్కన నరసింగరావని పాత బళ్ళు అమ్ముతాడు. నల్లటి పెద్ద కారొకటి వచ్చినాది. తళతళలాడిపోతన్నాది. నువ్వు బేగి రా. నీ వీణమ్మని కూడా తీసుకురా."

నరసింగరావు షెడ్డులో ఆ నల్ల కారుని చూడగానే విశాలి దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. పేరున్న విదేశీ బండి. పొడుగాటి ముక్కు, తోలు సీట్లు, పైన అద్దం కప్పు. స్టార్ట్ చేస్తే ఇంజను గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి పలికి, తర్వాత మంద్రంలో నిలిచింది. వీణ కాస్త ఏటవాలుగా పెడితే డిక్కీలో పట్టింది కూడా. రేఖని పక్కన కూర్చోబెట్టుకుని టెక్కలి వైపు హైవే ఎక్కించింది. బండి నేలకి అతుక్కుని గీత గీసినట్టు పోయింది. రెండు పక్కలా వరిచేలు పచ్చగా వెనక్కి జారిపోతున్నాయి. విశాలి నవ్వుతూనే ఉంది, తనకి తెలియకుండానే.

"ఏటే, పెళ్ళిలో కూడా ఇంత నవ్వలేదు నువ్వు" అంది రేఖ.

షెడ్డుకి తిరిగొచ్చాక, చదువుకున్నది గుర్తొచ్చి, వెనక సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగింది విశాలి. ఎప్పుడూ చుట్టలోంచి బయటికి రాని ఆ చివరి జానెడు మీద మట్టిరంగు చార ఉంది. వంగి వాసన చూసింది. ఎండిన బురద వాసన. డిక్కీ కార్పెట్ ఎత్తితే స్టెప్నీ గుంటలో పిండిలాంటి ఒండ్రు. బండి ఎక్కడో వరదలో సీట్ల దాకా మునిగి తేలింది.

నరసింగరావు మొహంలో రంగు మారింది. "నాను వేలంలో కొన్నానమ్మా. పైన కడిగించినాను గానీ బెల్టు అంతదాకా లాగి సూడలేదు. ఒట్టు."

అది నిజమో కాదో విశాలికి ఎప్పటికీ తెలియలేదు. ఆమెను బాధపెట్టింది అది కాదు. అంతా తన కళ్ళతో చూశాక కూడా ఆ బండి కావాలనే అనిపించింది. "ఇంజను బాగానే ఉంది కదే... వైరింగు ఒకటి మార్పించుకుంటే..." అని గొణిగింది.

రేఖ ఆమె చెయ్యి పట్టుకుని షెడ్డు బయటికి లాక్కొచ్చింది. "ఒసే, మా కోత మిషను వంశధార నీటిలో నానితే ఏటైందో నీకు తెల్దు. బాగుసేసిన ప్రతిసారీ ఇంకో దగ్గర పోయీది. సివరికి ఇనుపసామానుకి అమ్ముకున్నాం. ఘాట్ మీద వానలో నీ బండాగిపోతే నీకు వీణొస్తాదేటి సాయానికి? తెలిసీ కొన్నావంటే నీతో మాటాడను, అంతే."

విశాలి వీణని తెచ్చుకుని తన చిన్న కారులో పెట్టుకుంది. నరసింగరావు అక్కడే నిలబడి తల గోక్కున్నాడు. తర్వాత దగ్గరికొచ్చి అన్నాడు. "అమ్మా, మీక్కావాల్సింది నాకర్థమైనాది. పెద్ద డిక్కీ ఉండాల, దూరాలెల్లాల, డబ్బులు తక్కువ. మా బావొకాయన కొత్తవలసలో ఉన్నాడు. అప్పలసూరి. రైలింజను డ్రైవరు సేసి రిటైరయ్యాడు. ఆయన కాడ లారా అని పెద్ద కారొకటి ఉన్నాది. అమ్మకానికి పెట్టలేదు. కళ్ళు దెబ్బతిన్నాక షెడ్డులోనే ఉంటన్నాది. నా పేరు సెప్పి అడగండి. నాకేటీ ఇవ్వక్కర్లేదు."

ఆ వారమంతా విశాలి నల్ల కారు ఫొటోలే చూసుకుంది. అడ్వాన్సు పంపించేద్దామని ఒకసారి ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. శ్రీనాథ్ చూశాడు. తిట్టలేదు. "ఆదివారం నాకు ఖాళీయే. కొత్తవలస వెళ్ళొద్దాం" అన్నాడు. మనసులో మాత్రం అతనికి వేరే లెక్క ఉంది. ఆ బండి కూడా బాగోదు, అప్పుడు కొత్త ఆటోమేటిక్ సంగతి మాట్లాడొచ్చు అని.

కొత్తవలసలో అప్పలసూరి ఇల్లు రైలు కట్టకి దగ్గర్లోనే. ఇనుప ఖనిజం బండి వెళ్తుంటే గిన్నెలు గలగలలాడతాయి. డెబ్భైకి చేరువలో ఉన్న మనిషి, నిటారుగా ఉన్నాడు. కళ్ళలో నీటికాసుల జబ్బు. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కనున్నది కనబడదు. భార్య సుభద్రమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, గుమ్మంలో స్తంభానికి ఆనుకుని నిలబడింది.

షెడ్డులో బండి దుప్పటి కప్పుకుని ఉంది. దుప్పటి తీస్తే బూడిద రంగు. పన్నెండు పదమూడేళ్ళ బండి. పక్క తలుపు మీద ఒక సొట్ట. చూసిన వెంటనే గుండె కొట్టుకునేలా ఏమీ లేదు. నల్ల కారు ఇంకా కళ్ళలో మెదులుతుండగా విశాలికి ఉసూరుమనిపించింది. అప్పలసూరి వెనక్కి వెళ్ళి తడిమి మీట నొక్కాడు. వెనక అద్దంతో సహా తలుపు మొత్తం పైకి లేచింది.

లోపల గదిలా ఉంది. వెనక సీటు ఒక పక్క మడిస్తే వీణ నిలువునా, చివర చెక్కిన యాళి ముఖంతో సహా పడుకుంది. పక్కన తంబూరా పెట్టడానికీ, రెండు పెట్టెలు పెట్టడానికీ ఇంకా చోటుంది. సీటు మడవని పక్క ఒక మనిషి హాయిగా కూర్చోవచ్చు. విశాలి వీణ మీద చెయ్యి అలాగే ఉంచి ఒక నిమిషం నిలబడిపోయింది.

"నడిపి సూడమ్మా" అన్నాడు అప్పలసూరి. "ఊళ్ళో ఏటి తెలుస్తాది? అనంతగిరి ఘాట్ ఎక్కించు. నాను పక్కన కూకుంటాను."

శ్రీనాథ్ కవర్లు జేబులో పెట్టుకుని వెనక కూర్చున్నాడు.

శృంగవరపుకోట దాటేదాకా రోడ్డు చదును. డీజిల్ ఇంజను గొణుగుతూ లాగుతోంది. ఒక వేగం దాటాక కింద నుంచి సన్నగా ఒక హోరు మొదలైంది. విశాలి చెవి అటు పోయింది. వేగం పెంచితే ఆ స్వరం పైకి పోతోంది. గేరు మార్చినా మారడం లేదు. కుడికి తిప్పితే పెరుగుతోంది, ఎడమకి తిప్పితే తగ్గుతోంది.

"ఎడమ వైపు వెనక చక్రం బేరింగు అరిగిందండీ" అంది.

అప్పలసూరి ఆమె వైపు తల పూర్తిగా తిప్పి చూశాడు. "నాకూ అలాగే వినబడతన్నాది. నీకెలా తెలిసింది?"

"చెవి మా ఇంట్లో అందరికీ ఉంది. ఇదొక్కటీ దేనిదో చదువుకున్నాను."

ఆయన తొడమీద చరుచుకుని నవ్వాడు. ఘాట్ మొదలయ్యాక నవ్వడం ఆపాడు. నాలుగు మలుపులు ఓపిక పట్టి, అయిదో దగ్గర అన్నాడు. "అమ్మా, ఏటనుకోకు. నువ్వు మలుపులోకి వచ్చీసేక బ్రేకు తొక్కుతన్నావు. అప్పుడు బండిలో ఉన్నోళ్ళందరూ ముందుకి తూలతారు. మలుపుకి ముందే వేగం తగ్గించీ. లోపల బ్రేకు జోలికెళ్ళకు, సన్నగా యాక్సిలరేటరు ఇయ్యి. నాను ఇదే కొండ మీంచి వేల టన్నుల ఇనుము దించీవోడిని. బరువుని ముందే పట్టుకోవాల. తర్వాత పట్టుకోడానికేటీ ఉండదు."

విశాలికి చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళుగా బాగా నడుపుతున్నానని అనుకుంటోంది మరి. అయినా చెప్పినట్టు చేసింది. ముందే తగ్గించింది. మలుపులో బండిని వదిలింది. బండి భారంగా ఒక పక్కకి వాలి, అలాగే నిలకడగా తిరిగి, మలుపు చివర తనంతట తనే లేచినట్టు ముందుకి సాగింది. ఇంకో మలుపు. ఇంకోటి. కాఫీ తోటలు వచ్చాయి. చల్లగాలి వచ్చింది. తాళం కుదిరినట్టయింది. నల్ల కారు ఎప్పుడు మనసులోంచి దిగిపోయిందో ఆమె గమనించలేదు.

వెనకనుంచి శ్రీనాథ్ గొంతు వినబడింది. "విశాలీ, ఎక్కడైనా ఆపుతావా?"

ఆమె గాభరాగా అద్దంలో చూసింది. "వాంతా?"

"కాదు. ఆకలేస్తోంది."

పెళ్ళయ్యాక ఘాట్ రోడ్డు మీద అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. అనంతగిరిలో మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గర ఆపారు. శ్రీనాథ్ ఉప్పూ కారం నిమ్మరసం పట్టించుకుని రెండు పొత్తులు తిన్నాడు. విశాలి వెనక తలుపెత్తి, అక్కడే గట్టు మీద కూర్చుని వీణ ఒళ్ళోకి తీసుకుంది. చిన్న కారులో ఘాట్ ఎక్కితే అదురుకి బిరడాలు వదులైపోయి, శ్రుతి చేసుకోవడానికే బోలెడు సేపు పట్టేది. తీగలు ఒక్కొక్కటే మీటింది. మొదటి తీగ సారణి వెంట్రుక వాసి దిగింది. మిగతావన్నీ పొద్దున్న ఇంట్లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పొత్తులమ్మే ఆవిడ విసనకర్ర ఆపి, "ఇంకాస్త వాయించమ్మా" అంది. విశాలి మోహన రాగంలో నాలుగు సంగతులు వాయించింది. జీపుల్లో వచ్చిన జనం చుట్టూ మూగారు. అప్పలసూరి బానెట్‌కి ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నాడు.

దిగేటప్పుడు శ్రీనాథే అడిగాడు, ఎంతకిస్తారని. అప్పలసూరి చెప్పింది విశాలి దగ్గరున్న దానికి లోపలే. బేరింగుకీ, టైర్లకీ కూడా కాస్త మిగులుతుంది. విశాలి స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ కొత్తవలస చేరింది.

ఇంటి దగ్గర అప్పలసూరి ఈ సంగతి చెబుతుండగా, పొద్దుట్నుంచీ నోరు విప్పని సుభద్రమ్మ విప్పింది.

"బండి అమ్మను."

అప్పలసూరి తెల్లబోయాడు. "ఏటే, షెడ్డు ఖాళీ సెయ్యమని నువ్వే కదా పోరావు?"

"అప్పుడన్నాను. ఇప్పుడొద్దంటన్నాను. బండి నా పేర ఉన్నాది. నాను నడుపుతాను."

ఆయన పకపకా నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. సుభద్రమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"నీతోటి పూరీ ఎల్లాను, హంపీ ఎల్లాను, కన్యాకుమారి ఎల్లాను. దారంతా నాను సెప్పినాను, నువ్వు నడిపినావు. నేర్పించు మావా, నేర్పించు మావా అని ఎన్నిసార్లు అడిగినాను? ఒక్కసారి ఎనక్కి తీస్తుంటే తలుపు స్తంభానికి తగిలింది. ఆరోజు తాళాలు లాక్కున్నావు. ఇప్పుడు నీ కళ్ళు పోయినాయి. నా కళ్ళు బాగానే ఉన్నాయి కదేటి? ఇద్దరం ఇంట్లో కూకుని రైళ్ళు లెక్కెట్టుకోవాలా?"

అప్పలసూరి నేలకేసి చూశాడు. విశాలికి ఆ బూడిద రంగు బండి చేజారిపోతోందని తెలుస్తోంది. అయినా టాక్సీ ముందు సీటు కోసం అన్నదమ్ములతో కొట్లాడిన పిల్ల ఆమెలో ఇంకా ఉంది కాబట్టి, ఎదుటి మనిషిని కాదనలేకపోయింది.

"మీరు అన్నది న్యాయమేనమ్మా. మేం వెళ్తాం" అని లేచింది. గేటు దాకా వెళ్ళి, ఏమనుకుందో, వెనక్కి తిరిగింది. "ఇంత పొడుగు బండితో మొదలెడితే ఎవరికైనా కష్టమే. నా చిన్న కారు ఒకసారి నడిపి చూస్తారా?"

ఊరి చివర కొత్తగా వేసిన లేఅవుట్ ఉంది. ఇళ్ళు ఇంకా లేవలేదు గానీ వెడల్పాటి తారురోడ్లు వేసిపెట్టారు. మేకలు తప్ప అడ్డం వచ్చేవాళ్ళు లేరు. సుభద్రమ్మ చీర కొంగు నడుముకి దోపుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. మొదటిసారి బండి గెంతి ఆగిపోయింది. రెండోసారీ అంతే. "క్లచ్చి మీంచి కాలు తొందరగా తీసేస్తున్నారు. తీగ మీద వేలు జరిపినంత నెమ్మదిగా తియ్యండి" అంది విశాలి. సుభద్రమ్మకి తీగల సంగతి తెలియదు. "పాలు పొంగేటప్పుడు మంట తగ్గించినట్టా?" అనడిగింది.

"అవును, సరిగ్గా అలాగే."

బండి కదిలింది. సెకండ్ గేరు పడింది. లేఅవుట్ చుట్టూ ఒక రౌండు కొట్టి, మేకల్ని తప్పించి, శ్రీనాథ్, అప్పలసూరి నిలబడ్డ చోటికి వచ్చి ఆగింది. సుభద్రమ్మ దిగలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే పెట్టుకుని, ఆ చిన్న కారు లోపలంతా కలియజూసింది.

"ఇది నా సేతికొస్తాది" అంది. "ముందేటుందో, ఎనకేటుందో అన్నీ కనబడతన్నాయి. నువ్వొక పని సెయ్యమ్మా. ఇది నాకిచ్చీ. నాది నువ్వు తీసుకుపో. పైన ఎంతివ్వాలో ఆయనా, మీ ఆయనా మాటాడుకుంటారు. నేర్పాల్సింది మాత్రం నువ్వే. ఈయన కాదు."

విశాలి శ్రీనాథ్ వైపు చూసింది. అతను కొత్త ఆటోమేటిక్ ఊసే ఎత్తలేదు. "పళ్ళెంలో పెట్టి ఇస్తుంటే ఏం చూస్తావు?" అన్నాడు.

అలా బళ్ళు చేతులు మారాయి. విజయనగరంలో తెలిసిన మెకానిక్కు చేత బేరింగు వేయించింది, టైమింగ్ బెల్టు మార్పించింది, నాలుగు టైర్లూ కొత్తవి వేయించింది. తలుపు మీద సొట్ట అలాగే ఉంచేసింది. దాని కథ తెలిశాక తీయించబుద్ధి కాలేదు. ఆదివారాలు కొత్తవలస వెళ్ళేది. అప్పలసూరికి వెనక సీటు, మాట్లాడకూడదని షరతు. మొదట్లో ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. సుభద్రమ్మ బండిని వెనక్కి తీసి రెండు కొబ్బరి చెట్ల మధ్య సరిగ్గా పెట్టిన రోజున షరతు మరిచిపోయి, "సెబాసే!" అని అరిచాడు. ఆవిడ మొహం తిప్పుకుంది గానీ, చెవుల దాకా ఎర్రబడింది. లైసెన్సు పరీక్షలో మొదటిసారి తప్పింది. రెండోసారి పాసయ్యి, రేఖకి కూడా వినబడేంత సందడిగా విశాలికి ఫోన్ చేసింది. ఆ వేళ రేఖ విశాలి ఇంట్లోనే ఉంది మరి. "నల్ల బండి కొనుంటే ఇవన్నీ ఉండీవా?" అంది రేఖ, తనకే మార్కులు వచ్చినట్టు.

మాఘమాసంలో జయపురం నుంచి పిలుపొచ్చింది. అక్కడి తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసి నడిపే సంగీత సభ. పొద్దున్నే బయల్దేరారు. వీణ వెనక పడుకుంది, శ్రీనాథ్ ముందు కూర్చున్నాడు. గజపతినగరం, రామభద్రపురం, సాలూరు. అక్కడనుంచి ఘాట్. లారీల వెనక ఓపిగ్గా ఆగి, చోటు దొరికినప్పుడు మూడో గేరులో ఒక్క ఊపున దాటుతూ ఎక్కింది. పొట్టంగి దగ్గర మంచు రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది. లైట్లు వేసి, వేగం తగ్గించి, అందులోకి మెల్లగా దూరి అటు తేలారు. శ్రీనాథ్ దారిపొడుగునా రసాయన శాస్త్రం పేపర్లు దిద్దిన కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

సభలో ఆ సాయంత్రం విశాలి తోడి రాగం ఎత్తుకుంది. ఎడమచేతి వేలు మెట్టు మీద నిలబడి తీగని లాగింది. వేలు వణకలేదు. గాంధారం ఎక్కడ ఊగాలో అక్కడే ఊగి, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. ముందు వరసలో ఉన్న ఒక ఒడియా పెద్దాయన 'ఆహా' అని ముందుకి వంగాడు. విశాలి ఆయన్ని చూడలేదు. చూసే తీరిక లేదు ఆమెకి. రాగం ఇంకా చాలా దూరం పోవాల్సి ఉంది, ఒంట్లో శక్తీ ఉంది.

మర్నాడు ఎండెక్కాక తిరుగు ప్రయాణం. కోరాపుట్‌లో టీ తాగుతుంటే సుభద్రమ్మ ఫోను. చెల్లెలి ఇంటికి శృంగవరపుకోట దాకా తనే నడుపుకుని వెళ్ళిందట. సంతలో బస్సు వెనకనుంచి హారన్ కొట్టి చంపేసిందట. "నానేటి కంగారు పడలేదు. 'ఆగు నాయనా, నీకే కాదు తొందర' అన్నాను. ఈయన పక్కన నిద్దరోతన్నాడు, సూడు" అంది. పక్కనుంచి "నిద్దరోలేదు" అని అప్పలసూరి గొంతు వినబడింది. వచ్చే నెల శ్రీముఖలింగం వెళ్దామనీ, రెండు బళ్ళూ ముందూ వెనకా పోవాలనీ, తనదే ముందుండాలనీ ఆవిడ తీర్మానించేసింది. విశాలి సరేనంది.

ఫోను పెట్టేసరికి శ్రీనాథ్ తన ఫోనులో మ్యాపు తెరిచి, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నాడు.

"సాలూరు మీదుగానే పోవాలని లేదు" అన్నాడు. "ఇటు లక్ష్మీపురం మీంచి రాయగడ పోయి, పార్వతీపురం దగ్గర దిగొచ్చు. కొండల మధ్య నుంచే రోడ్డు. కాకపోతే బాగా చుట్టు."

"బాగా చుట్టా?"

"బాగానే. చీకటి పడకముందు ఇల్లు చేరతాం కదా?"

విశాలి గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి తాళాలు తీసుకుంది. ఊరి చివర కూడలిలో సాలూరు రోడ్డు కుడికి పోతోంది. లారీలన్నీ అటే తిరుగుతున్నాయి. ఆమె ఎడమకి సిగ్నల్ వేసింది. ఎదురుగా ఎండలో కొండలు ఒకదాని వెనక ఒకటి లేచి ఉన్నాయి. శ్రీనాథ్ కిటికీ అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టుకుని సర్దుకు కూర్చున్నాడు.